తొంభైరెండో నంబరు బస్సు

నా బస్సుకి ముప్ఫయ్యొక్క స్టాపులు.
ఎక్కేవాళ్ళ మాటల్లో ఇంకో పటం ఉంది.
ఆ పటంలోని ఊళ్ళకి
డిపో వాళ్ళు ఇంకా రేటు కట్టలేదు.

పొద్దున ఏడూ పదికి
చర్చి దగ్గర ఎక్కే నర్సుపిల్ల
ఫోన్లో ఎవరితోనో అంటోంది:
"ఇంకా అడవి దాటలేదన్నాడు డాక్టరు."
కిటికీ అవతల ఒక్క చెట్టు లేదు.
గొర్రెలు, రాతిగోడలు, యార్క్‌షైర్ వాన.
ఆమె తమ్ముడి ఊపిరితిత్తుల్లో ఉందట
ఆ అడవి.

పై మలుపులో ఒక స్టాపుని
అందరూ ఎక్కడా కానిచోటుకి నట్టనడుమ అంటారు.
అక్కడొక చెత్తబుట్ట.
రోజూ అందులో ఆరెంజి తొక్కలుంటాయి, తాజావి.
ఎక్కడా కానిచోట
ఎవరో పద్ధతిగా పళ్ళు తింటున్నారు.

మిల్ లేన్‌లో ఆల్విన్ క్రాబ్‌ట్రీ ఎక్కుతాడు.
ఎనభై రెండేళ్ళు. పాసు చూపిస్తూ రోజూ ఒకటే మాట:
"దిగువకే బాబూ, అన్ని విధాలా."
మా వైపు మనిషి చిక్కిపోతుంటే
కొండ దిగుతున్నాడంటారు.
నాకది ఎప్పుడూ మింగుడుపడదు.
ఎక్కేటప్పుడే కదా నా ఇంజను మూలిగేది,
దిగేటప్పుడు పెదాల మీదికి ఈల వస్తుంది.
ఆ మాటే ఆయనతో అన్నానొకసారి.
"బ్రేకులున్నవాడివి,
నువ్వేమైనా అంటావు" అన్నాడు.

మొన్నొక కుర్రాడు,
డ్రైవింగ్ పరీక్ష పాసై,
"చంద్రుడికి పైన ఉన్నా" అని అరుస్తూ
తన ఆఖరి బస్సు టికెట్ కొన్నాడు.
చంద్రుడి మీద కాదు, చంద్రుడికి పైన.
అక్కడ కాలు ఆనడానికి ఏముంటుందో అడగాలనుకున్నా.
చిల్లర లెక్కలో పడి మర్చిపోయాను.

ఇక గ్లెనిస్ సగ్డెన్.
బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ బల్ల ఆమెది.
సమ్మెనాడు తలొంచుకుని గేటు లోపలికి నడిచింది.
ఎందుకో ఎవరూ అడగలేదు,
ఆమె చెప్పలేదు.
మర్నాటి నుంచి ఒక్కరూ పలకరిస్తే ఒట్టు.
మా భాషలో దానికో పేరుంది:
కావెంట్రీకి పంపడం.
టికెట్ ఉండదు, సామాను ఉండదు.
నీ కుర్చీలో నువ్వే ఉంటావు,
నీ టీకప్పు నీ ముందే చల్లారుతుంటుంది,
అయినా నూటిరవై మైళ్ళ అవతల ఉంటావు.

పదకొండు వారాలు
నా వెనక సీట్లోనే కూర్చుంది.
"గుడ్ మార్నింగ్" అనేవాణ్ణి.
ఆ రెండు ముక్కల్నీ
పెనం మీంచి తీసిన రొట్టెల్లా
రెండు చేతుల్తో అందుకునేది.

ఒక శనివారం పెట్టెతో ఎక్కింది.
"ఎక్కడికి?"
"కావెంట్రీకి."
నా మొహం చూసి నవ్వేసింది.
ముందుపళ్ళ మధ్య సందుందని
అప్పుడే తెలిసింది నాకు.
"నిజం కావెంట్రీకే. పిన్ని కూతురుందక్కడ.
ఎలాగూ పంపారు కదా,
చూసొద్దామని."

సోమవారం టికెట్ తీసుకోకుండానే మొదలెట్టింది.
అక్కడ కోచ్ దిగీదిగగానే
ఒకామె టైమెంతని అడిగిందట.
బెంచీ మీద ఒక పెద్దాయన
తన మోకాలి ఆపరేషన్ కుట్టు కుట్టూ వినిపించాడట.
చేపల దుకాణంలో ఉప్పు వెయ్యనా అని
రెండుసార్లు అడిగారట,
రెండుసార్లు!
"ఊరు ఊరంతా వస తాగినట్టుంది.
మాట్లాడీ మాట్లాడీ దవడలు లాగేశాయనుకో."

నాలుగో వరసలో
ఫ్యాక్టరీవాళ్ళు ఇద్దరు
వాన చూస్తూ కూర్చున్నారు.
ఆమె గొంతు పెద్దదే. బస్సు చిన్నదే.
వాళ్ళలో ఒకామె
చేతిసంచీ జిప్పు లాగుతోంది,
వేస్తోంది, మళ్ళీ లాగుతోంది.

మిల్ లేన్‌లో ఎవరూ లేరు.
అయినా ఆపాను. తలుపు తీశాను.
తడిగాలి లోపలికొచ్చి, టికెట్ తీసుకోకుండా,
ఆల్విన్ కూర్చునే చోట కూర్చుంది.
గ్లెనిస్ కథ మధ్యలో ఆపేసింది.

ఒక నిమిషం చూశాను.
రూలు ప్రకారం అర నిమిషమే.

తర్వాత బ్రేకు మీద కాలుంచి
మెల్లగా,
చాలా మెల్లగా,
కొండ దిగాను.